చంద్రుడి ఉండలు, బంగారు పన్ను

మా అత్తగారి పేరు తోమె. ఆవిడ నోరు తెరిస్తే ముందు బంగారు పన్ను మెరుస్తుంది, వెనకాలే తిట్టు వస్తుంది. పెరటి దానిమ్మకాయ ముట్టుకున్న పిల్లల్ని ఏడాది పొడుగునా చీపురు పట్టుకుని తరుముతుంది. శరత్ పున్నమి వచ్చిందంటే మాత్రం ఆ పిల్లలే గోడ దూకి తన డాంగో ఉండలు దొంగిలించాలట! చంద్రుడికి పెట్టిన ఆ బియ్యప్పిండి ఉండలు ఎవరింట్లో దొంగలపాలైతే వాళ్లకే అదృష్టం మరి. పోకపోతే వీధిలో తలెత్తుకోలేం.

కిందటేడు మావి పోలేదు. తప్పెవరిది? ఇంకెవరిది, నాదే! మా క్యోటో వైపు చేసినట్టు చామదుంపల్లా పొడుగ్గా చేసి, తీపి చిక్కుడుముద్ద చుట్టాను.

"అవి ఉండలటే, చచ్చిన ఎలుకల్లా! పిల్లలు జడుసుకున్నారు," అంది అత్తగారు. "ఈసారి నేనే గుండ్రంగా చేస్తా. అవి పోయాయంటే, నీ పుట్టింటి ఉండలు ఈ గడప లోపల మళ్లీ కనబడకూడదు."

నా ప్రాణం ఉసూరుమంది. మా అమ్మ చేతి నుంచి నాకు దక్కింది ఆ ఒక్క వంటే.

వేణ్ణీళ్లతో కలపండత్తయ్యా అంటే వింటేనా! చన్నీళ్లు పోసి, రాళ్లు చేసి, వసారాలో రెల్లుపూల పక్కన గోపురంలా పేర్చింది. పిల్లలు పక్కింటి మత్సుయెగారి పళ్లెం ఊడ్చేసి, మా గోడ చూడగానే పక్క సందులోకి జారుకున్నారు. నేను కళ్లారా చూసి హాయిగా పడుకున్నాను.

తెల్లారేసరికి పళ్లెం ఖాళీ! ఇక మా అమ్మ ఉండలకి నీళ్లొదులుకోవడమే అనుకున్నాను. అత్తగారు అప్పటికే మత్సుయెగారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"చూశావా వదినా, దొంగలు పడ్డారు! ఒక్కటి మిగల్చలేదు!" అంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. సిగ్గుపడుతోందేమో అనుకున్నాను. మా అత్తగారికి సిగ్గా!

చెక్క వసారా కింద చెప్పుల కోసం వంగితే ఉండల గుట్ట కనబడింది. పైన సగం కొరికినది ఒకటి. అందులో దిగబడి బంగారు పన్ను.

దాన్ని తెచ్చి పళ్లెంలో పెట్టాను. "పాపం అత్తయ్యా, దొంగ పన్ను మరిచిపోయి వెళ్లాడు."

మత్సుయెగారు పన్ను వంక చూసింది. నోటికి అడ్డం పెట్టిన చేతి వంక చూసింది. ఇక చూడాలి, పగలబడి నవ్వింది! అత్తగారు దొంగకు తేలు కుట్టినట్టు పన్ను పట్టుకుని పెరట్లోకి జారుకుంది.

నేను లోపలికెళ్లి మా అమ్మ ఉండల కోసం చిక్కుళ్లు పొయ్యి మీద పడేశాను.