గాలిమర తిరిగిన రోజు

ఢిల్లీ ద్వారకలో తాముండే సొసైటీ మేడ మీద గాలిమర పెట్టిన నాటి నుంచీ ఛాయాదేవికి దాని మీద నమ్మకం లేదు. పెట్టించింది ఆమె భర్త మురళీకృష్ణే. సొసైటీ సెక్రటరీగా, గాలితో కరెంటు తీయొచ్చని, మెట్ల దగ్గర దీపాలన్నీ దాంతోనే వెలుగుతాయని అందరినీ ఒప్పించాడు.

"ఢిల్లీలో దుమ్ము తప్ప గాలెక్కడుందండీ?" అని ఆమె అప్పుడే అంది.

చలికాలమంతా దాని మూడు రెక్కలూ కదల్లేదు. పావురాలు వాటి మీద వాలి కూర్చునేవి. ఇక ఛాయాదేవి బట్టల తీగ ఒక కొసను గాలిమర ఇనుప స్తంభానికీ, రెండో కొసను అవతలి నీళ్ల ట్యాంకు పక్కనున్న పైపుకీ కట్టించింది.

"కనీసం దీనికైనా పనికొస్తుంది" అంటే, మురళీకృష్ణ చిన్నబుచ్చుకున్నాడు గానీ విప్పమనలేదు.

మే నెలలో ఒక సాయంత్రం ఆకాశం ఉన్నట్టుండి ఇటుక రంగుకు తిరిగింది. ఆరేసిన దుప్పట్ల కోసం ఛాయాదేవి పైకి పరుగెత్తింది. తొమ్మిదేళ్ల కూతురు సాత్విక కూడా వెంట వచ్చింది. ఇద్దరూ ట్యాంకు దగ్గర ఉండగా ఆంధీ, అక్కడి దుమ్ము తుపాను, వచ్చి పడింది. కళ్లలో ఇసుక. మెట్ల తలుపు ధన్‌మని మూసుకుంది. ఆ తలుపుకీ వాళ్లకీ మధ్య గాలిమర గిర్రున తిరగడం మొదలుపెట్టింది.

మొదట రెక్కలు కనిపించాయి. కాసేపటికి కనిపించలేదు, ఒక బూడిదరంగు చక్రం మాత్రమే కనిపించింది. హోరు కాస్తా ఈలగా మారింది. స్తంభం ఊగుతుంటే కాళ్ల కింద స్లాబు అదిరింది.

"మమ్మీ, నీచే చలో నా!" సాత్విక ఏడుస్తూ కిందికి పోదామని చెయ్యి లాగింది.

కిందికి వెళ్లాలంటే దాని కిందినుంచే వెళ్లాలి. ఛాయాదేవి పిల్లను ట్యాంకు వెనక్కి లాక్కుని, భర్తకు ఫోను చేసింది.

"కంగారుపడకు. గాలి ఎక్కువైతే దానంతటదే ఆగిపోతుంది. బ్రేకుంది" అన్నాడతను ఆఫీసు నుంచి.

"ఆగట్లేదండీ! స్తంభం ఊగిపోతోంది!"

"అలా జరగదు ఛాయా, కంపెనీవాళ్లు..."

"చూస్తున్నది నేనా, మీరా?"

అతని గొంతు మారింది. "సాత్విక ఎక్కడుంది?"

ఆమె జవాబు చెప్పేలోగా తీగ తెగింది. తడి దుప్పటి ఒకటి పైకి లేచి రెక్కలకు చుట్టుకుంది. ఫెళ్లుమంది. ఛాయాదేవి ఫోను వదిలేసి కూతురి మీద పడింది.

ఒళ్లంతా తడిసిపోయింది. నెత్తురనుకుంది. తడుముకుంటే నీళ్లు. విరిగిన రెక్క ప్లాస్టిక్ ట్యాంకును అటునుంచి ఇటు చీల్చి, వాళ్ల తలల పైన ఇంకా అల్లాడుతోంది. మిగిలిన రెండు రెక్కలూ గాడి తప్పి స్తంభానికి కొట్టుకుంటున్నాయి.

"తల ఎత్తకు తల్లీ. నా కొంగు పట్టుకో."

నీళ్లలో, ఇసుకలో ఇద్దరూ పాక్కుంటూ వెళ్లారు. స్తంభం పక్కకు రాగానే సాత్విక కొయ్యబారిపోయింది. ఛాయాదేవి ఆమెను చంకలో ఇరికించుకుని ఈడ్చింది. భుజంతో తోస్తే తలుపు తెరుచుకుంది. మెట్ల మీద కూలబడ్డాక గానీ తన మోకాళ్లు చెక్కుకుపోయాయని ఆమెకు తెలియలేదు.

దుప్పటి తగలబట్టే విరిగిందన్నాడు కంపెనీ మనిషి. బ్రేకు పడి గాలిమర ఆగి ఉంటే దుప్పటి ఏం చేసేదని మురళీకృష్ణ అతని మీద కేకలేశాడు. ఆ వారంలోనే దాన్ని దించేశారు. తనే తీగ కట్టించిన సంగతి ఛాయాదేవిని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఆ తర్వాత మండే ఎండల్లో ఒక మధ్యాహ్నం ఏసీ పనిచేయకపోతే మురళీకృష్ణ హాల్లో ఫ్యాను వేశాడు. అది వేగం అందుకోగానే సాత్విక కంచం వదిలేసి బల్ల కిందికి దూరింది. అతను పరుగున వెళ్లి స్విచ్ ఆపేశాడు. రెక్కలు పూర్తిగా ఆగేదాకా, బల్ల కిందినుంచి తొంగిచూసే సాత్వికతో సహా, ముగ్గురూ పైకే చూస్తూ ఉండిపోయారు.