అడుగు కట్టేసిన వల

వీరాంజనేయులు "ఊఁ" అంటే సరేనని అర్థం. "ఊహూఁ" అంటే కుదరదని. ఏమీ అనకపోతే ఇంకా ఆలోచిస్తున్నాడని. నాగాయలంక దాటాక సముద్రం వైపు ఉన్న ఆ పల్లెలో ఈ సంగతి చంటిపిల్లలకి కూడా తెలుసు. అందుకే గుడివాడ నుంచి కూతురు కుమారి ఫోన్ చేసినప్పుడు కూడా సంగతి చప్పున తేలిపోయింది.

"నాన్నా, బాస్కెట్‌బాల్ రింగులకి రెండు వలలు కావాలి. అల్లిపెడతావా?"

"ఊఁ."

"నోరు మూరెడు వెడల్పు. పొడుగూ మూరెడే. గట్టి దారం వెయ్యి, పిల్లలు పట్టుకుని వేలాడతారు."

"ఊఁ."

అడుగున ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. యాభై ఏళ్ళు వలలు అల్లినవాడు వలకి అడుగున ఏం చెయ్యాలని ఎవరినైనా అడుగుతాడా?

కుమారి గుడివాడలో ఒక బడిలో ఆటల టీచరు. రెండో శనివారం సెలవు కదా, ఆ ఒక్క రోజు తన పల్లె పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పాలని ఆమెకి ఎప్పటినుంచో కోరిక. బంతులు బడిలో అడిగి తెస్తుంది. సాయానికి పాత స్నేహితులు ఇద్దరు వస్తామన్నారు. చిక్కంతా చోటు దగ్గరే. పల్లెలో చదునుగా, గట్టిగా ఉన్న నేల ఒక్కటే ఉంది. చేపలు ఎండబెట్టే సిమెంటు గచ్చు. అది ఆడవాళ్ళ సంఘానిది. ఆ సంఘానికి పెద్ద ముత్యాలమ్మ. వీరాంజనేయులు అన్నగారి భార్య, కుమారికి పెద్దమ్మ.

కిందటి నెల కుమారి వచ్చి అడిగితే ముత్యాలమ్మ నోట్లో తమలపాకు పక్కకి నెట్టి తీర్పు చెప్పింది.

"ఒక్క రోజు ఇత్తామే. ఆ రోజు మెత్తళ్ళు ఎండెయ్యం. పొద్దుగూకేసరికి మా పిల్లలకి మళ్ళీ కావాలనిపించిందా, నెలనెలా రెండో శనివారం నీదే. అనిపించలేదా, ఆ గుంజలు పీకేసుకుని బస్సెక్కెయ్యి. మా గచ్చు మీద ఊరికే దిష్టిబొమ్మల్లాగా నిలబడితే ఒప్పుకోను."

పక్కనే కూర్చున్న వీరాంజనేయులు ఆ మాట విన్నాడు. నెలనెలా ఆట అంటే నెలనెలా కూతురు వస్తుంది. ఆ సంగతి ఆయన పైకి అనలేదు. ఇంకొకటి కూడా అనలేదు. కుమారి చదువుకునే రోజుల్లో మచిలీపట్నంలో ఎన్నో పోటీలాడింది, కప్పులు తెచ్చింది. ఆ రోజుల్లో ఆయన ఎప్పుడూ సముద్రం మీదే ఉన్నాడు. కూతురు బంతి పట్టుకోగా ఆయన ఒక్కసారీ చూడలేదు.

ఫోన్ వచ్చిన సాయంత్రమే అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాడు. నాలుగు సాయంత్రాలు అల్లాడు. వలలో ఒక కన్నుకీ ఇంకో కన్నుకీ గింజంత తేడా లేదు. అడుగుకొచ్చేసరికి కొసలన్నీ దగ్గరికి లాగి, తండ్రి నేర్పిన ముడి వేశాడు. ఆ ముడి పడిందంటే లోపలికి పోయినది బయటికి రాదు. రెండు వలలూ గోడకి తగిలించి కాసేపు చూసుకున్నాడు.

శనివారం పొద్దున్నే కుమారితోబాటు సాయం వచ్చినవాళ్ళిద్దరూ బస్సు దిగారు. ఒకరు బంటుమిల్లి బ్యాంకులో పనిచేసే కృపానందం. ఆరడుగుల మనిషి. ఇంకొకరు మచిలీపట్నంలో నర్సు ప్రియ. రాత్రి డ్యూటీ దిగి అలాగే వచ్చేసింది.

నలుగురు ఆడవాళ్ళు గచ్చు మీద బిందెలతో నీళ్ళు గుమ్మరించి చీపుళ్ళతో రుద్దారు. ఎంత రుద్దినా ఏళ్ళనాటి వాసన పోతుందా? మొదటి బంతి రెండు గెంతులు గెంతిందో లేదో, పల్లెలో పిల్లులన్నీ దాని వెంట పడ్డాయి.

"కుమారీ, మనం పిలిచింది పిల్లల్నా, పిల్లుల్నా?" అంది ప్రియ.

"వాటిక్కూడా పేర్లు రాసుకోవే" అన్నాడు కృపానందం. సరుగుడు గుంజలు ముందే పాతించి, వాటికి చెక్కలూ రింగులూ బిగించి ఉన్నాయి. ఆయన బల్లెక్కి రెండు రింగులకీ వలలు కట్టేశాడు. ఖాళీగా వేలాడుతున్న వల అడుగు ఎలా ఉందో ఎవరు చూస్తారు? కుమారి నలభై మంది పిల్లల్ని వరసలో నిలబెట్టే హడావుడిలో ఉంది. గచ్చు అంచున ముత్యాలమ్మ, సంఘం ఆడవాళ్ళూ పీటలేసుకుని కూర్చున్నారు. వాళ్ళ వెనకాల వీరాంజనేయులు, భుజం మీద తువ్వాలుతో.

"అందరూ ఇటు చూడండి" అంది కుమారి. "మోకాళ్ళు కొంచెం వంచాలి. చెయ్యి ఇలా పైకి. కళ్ళు రింగు మీద."

వేసింది. బంతి చక్కగా రింగులో పడింది. పడి, అక్కడే ఉండిపోయింది.

కుమారి కింద చేతులు చాచుకుని నిలబడింది. బంతి రాలేదు. వల కిందికి సాగి, బంతిని కడుపులో పెట్టుకుని మెల్లగా ఊగుతోంది. అప్పుడు ముందు వరసలో పదకొండేళ్ళ ప్రీతి గొంతెత్తి అరిచింది.

"మేడమ్! చిక్కిందండీ!"

ఇక నవ్వులు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ముత్యాలమ్మ వెనక్కి తిరిగింది.

"ఏం మరిదీ, పండుగప్పనుకున్నావా? గట్టిగానే పట్టావు!"

వీరాంజనేయులు మొహం కందిపోయింది. కూతురు నలభై మంది పిల్లల ముందు వెర్రిదానిలా చేతులు చాచుకుని నిలబడింది, తన మూలంగా. నెలనెలా అన్నది ఈ పొద్దుటితోనే పోయిందనుకున్నాడు. మొలలోంచి చాకు తీసి రింగు దగ్గరికి నడిచాడు.

"ఆగు బాబాయ్, ముందు బంతి తీద్దాం" అని కృపానందం వెదురు గడతో కింద నుంచి పొడిచాడు. బంతి ఎగిరి బయటపడింది. కింద పడీ పడకముందే ప్రీతి అందుకుంది.

"మేడమ్, నేనెయ్యనా? ఎన్ని పడతాయో చూద్దామండీ!"

"నేను, నేను!" అంటూ వరస కాస్తా చెదిరిపోయింది. నలభై మందీ రింగు కిందికొచ్చి పడ్డారు. కుమారి పిల్లల మొహాలు చూసింది, వల చూసింది, తండ్రి చేతిలో చాకు చూసింది.

"నాన్నా, కొయ్యకు!"

"ఊఁ?" అన్నాడు వీరాంజనేయులు. ఆ 'ఊఁ' అర్థం ఏమిటో ఎవరికీ తెలియలేదు.

"కొయ్యకంటున్నానా! ఇటు చూడండ్రా. ఇరవై మంది అటు, ఇరవై మంది ఇటు. ఒక్కో జట్టుకి మూడు బంతులు. గచ్చు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా బంతిని నేలకి కొట్టుకుంటూ వెళ్ళాలి. చేత్తో పట్టుకుని పరిగెడితే వెనక్కి రావాలి. వెళ్ళి వెయ్యాలి. ఎవరి వల ముందు నిండితే వాళ్ళు గెలిచినట్టు!"

ఆ తర్వాత మధ్యాహ్నందాకా గచ్చు మీద ఎవరు ఎవరో తెలియలేదు. బంతిని నేలకి కొట్టడం రాని పిల్లలు గంటలో నేర్చేసుకున్నారు, నేర్చుకోకపోతే వల దాకా చేరలేరు మరి. తప్పుగా పరిగెత్తినవాళ్ళని ప్రియ ఈలేసి వెనక్కి పంపింది. అలా వెనక్కొచ్చిన ఒకడు ఆమెతో "అక్కా, చూడనట్టు ఊరుకోవచ్చుగా" అని బతిమాలాడు. మూడో బంతి పడిన ప్రతిసారీ "నిండింది! నిండింది!" అని పల్లె అదిరిపోయింది. వలలు ఖాళీ చేసే పని వీరాంజనేయులికి పడింది. వెదురు గడ పుచ్చుకుని ఆ రింగు నుంచి ఈ రింగుకి, ఈ రింగు నుంచి ఆ రింగుకి.

"తాతా, తొందరగా పొడువు! వాళ్ళకి రెండు పడిపోయాయి!"

"ఊఁ, ఊఁ" అంటూ ఆయనా పరిగెత్తాడు. పంచె ఎగ్గట్టుకుని మరీ పరిగెత్తాడు. మరిది పరిగెత్తగా ముత్యాలమ్మ పెళ్ళయి వచ్చిన తర్వాత ఇదే చూడటం.

వంకాయ, రొయ్యల కూరతో అందరికీ అన్నాలయ్యాయి. తిన్నాక కుమారి తండ్రి దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఒక వల అడుగు విప్పు నాన్నా. అసలు ఆట కూడా చూపించాలిగా."

చాకు పెట్టబోయి ఆయన మానుకున్నాడు. బల్లెక్కి ముడి విప్పడం మొదలుపెట్టాడు. తను వేసిన ముడి తనకే లొంగలేదు. పళ్ళతో లాగాడు. పిల్లలంతా కింద చేరి "కొంచెం వచ్చింది తాతా, ఇంకొంచెం" అని మాట సాయం చేశారు. చివరికి ముడి వదిలింది. కొసలు కిందికి జారాయి.

కుమారి గచ్చు మధ్య నుంచి వేసింది. బంతి పైకి లేచింది, ఎండలో ఒక్క క్షణం ఆగినట్టనిపించింది, రింగు తగలకుండా వలలోకి దిగి, సర్రుమని కిందికి వచ్చేసింది. చుట్టూ దారాలు పైకి ఎగిరి, మళ్ళీ సర్దుకున్నాయి.

వీరాంజనేయులు బల్ల మీదే ఉండిపోయాడు. చేతికందేంత దగ్గర నుంచి చూశాడు.

"మళ్ళీ" అన్నాడు.

కుమారి తలెత్తి చూసింది. నవ్వి, మళ్ళీ వేసింది. మళ్ళీ సర్రుమంది.

"మళ్ళీ."

అలా తొమ్మిదిసార్లు వేయించాడు. ఎనిమిది పడ్డాయి. పడని ఒక్కదాన్నీ ప్రీతి అందుకుని "ఇక నా వంతు తాతా, దిగు" అనేదాకా ఆయన బల్ల దిగలేదు.

పొద్దు వాలింది. ముత్యాలమ్మ చీర కొంగు దోపుకుని గచ్చు మధ్యకొచ్చి నిలబడింది. ప్రియ ఈల నోట్లోంచి తీసేసింది.

"ఒరేయ్ పిల్లలూ! మీకీ ఆట మళ్ళీ కావాలంట్రా?"

ఒక్కడూ జవాబు చెప్పలేదు. ఆట ఆపితే కదా వినబడేది.

"మిమ్మల్నేరా!"

"అమ్మమ్మా, అడ్డం లే! బంతి తగుల్తది!" అని అరిచింది ప్రీతి. అంతలోనే ఏమనుకుందో బంతి తెచ్చి ముత్యాలమ్మ చేతిలో పెట్టింది. "పోనీ నువ్వొకటెయ్యి."

"నాకెందుకే!"

"భయమా?"

ముత్యాలమ్మని ఆ మాట అన్నవాళ్ళు పల్లెలో లేరు. అడుగు కట్టి ఉన్న వల కిందికి నడిచి, రెండు చేతులతో బిందె ఎత్తినట్టు బంతిని ఎత్తి విసిరింది. చెక్కకి తగిలి వెనక్కొచ్చింది. రెండోది రింగు దాకా పోలేదు. మూడోది కృపానందం నెత్తిన పడింది.

"రింగు వంకరగా ఉందయ్యా!" అని ఆయన్నే కసిరింది. "నాలుగోది చూసుకో!"

నాలుగోది రింగు మీద రెండు చుట్లు తిరిగి, వలలోకి దిగి కూర్చుంది. గచ్చు అదిరిపోయింది. సంఘం ఆడవాళ్ళు పీటలు తన్నేసి లేచారు. కృపానందం నెత్తి రుద్దుకుంటూ భయం భయంగా అడిగాడు.

"మరి... గుంజలు పీకెయ్యమంటారా అండీ?"

"పీకితే నా బంతి ఏమైపోద్దయ్యా?" అంది ముత్యాలమ్మ వలకేసి చూస్తూ. "దాన్నెవరూ ముట్టుకోవద్దు. వచ్చే నెలదాకా అక్కడే ఉండాలి. నేనేసిందని మావాళ్ళందరూ చూడాలి."

వీరాంజనేయులు వెదురు గడ తీసుకెళ్ళి చూరులో దోపేశాడు.

బస్సు దాకా కూతురి సంచి ఆయనే మోశాడు. బస్సు కదులుతుంటే కుమారి కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"నాన్నా, వచ్చే నెలకి ఇంకో రెండు వలలు అల్లిపెట్టు!"

ఆయన బస్సు పక్కనే నాలుగడుగులు నడిచాడు.

"అడుగు?" అన్నాడు.

"ఒకటి విప్పేసి, ఒకటి కట్టేసి!"

"ఊఁ."