పదకొండో పాఠం

స్టీలు ట్యాంకులు చేసే వర్క్‌షాపులో ఆమె కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్. వెల్డింగు అతుకులు పరీక్షించడం ఒక ఎత్తు, ట్యాంకులు కొనే జర్మన్ కంపెనీకి రోజూ పదకొండింటికి ఫోన్ చేసి, పని ఎంతవరకు వచ్చిందో వాళ్ల భాషలో చెప్పడం ఒక ఎత్తు. అంతకుముందు ఆ పని చేసి రిటైరైన, అక్కడ అందరూ అక్క అని పిలిచే ఆవిడ, తన గొంతుతో రికార్డు చేసిన పాఠాలు ఆమె ఫోనులో వేసి వెళ్లింది.

పొద్దున్నే గిన్నెలు తోముతూ రోజుకో పాఠం వినేది. "ఇష్ బిన్ ఫాస్ట్ ఫెర్టిక్", అంటే నా పని దాదాపు అయిపోయింది. "ఎస్ లొయ్‌ఫ్ట్ నాఖ్ ప్లాన్", అంటే అనుకున్నట్టే సాగుతోంది. రోజూ ఫెర్టిక్ ఫెర్టిక్ అంటావు, వంట మాత్రం అవదేమని అత్తగారు ఆటపట్టించేది.

పదకొండో పాఠంలో అక్క గొంతు, రెండో ట్యాంకు అతుకులో రెండు చిల్లులున్నాయంది. ఆ మధ్యాహ్నం సరిగ్గా రెండు చిల్లులు దొరికాయి. ఏదో కుదిరిందిలే అనుకుంది. పన్నెండో పాఠం, అతుకులకు తీయించిన ఎక్స్‌రే ఫిల్ములు రాలేదంది. అవీ రాలేదు. పదమూడో పాఠంలో వాక్యాల మధ్య ఒక చప్పుడు మొదలైంది. ఇనుప గోడను ఎవరో గోళ్లతో గీకుతున్నట్టుంది.

మర్నాడు శనివారం. ఆమెకు సెలవు, వర్క్‌షాపుకి కాదు. మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్లి, పదకొండో పాఠం ఎప్పుడు రికార్డు చేశారని అడిగింది.

"పదే చేశానమ్మా. తర్వాత గొంతు పట్టేసి మానేశాను," అంది అక్క.

ఆమె పద్నాలుగోది పెట్టింది. అక్క తన గొంతే వింటూ కుర్చీ చేయి గట్టిగా పట్టుకుంది. "టాంక్ ఫియర్ ఇస్ట్ నోఖ్ నిష్ట్ ఫెర్టిక్," అంది ఫోను. నాలుగో ట్యాంకు ఇంకా అవలేదు. తర్వాత, నెమ్మదిగా: "ఎర్ ఇస్ట్ నోఖ్ డ్రిన్."

"అతను ఇంకా లోపలే ఉన్నాడు," అని అక్క అర్థం చెప్పేలోపే ఆమె వర్క్‌షాపు మేస్త్రీకి ఫోన్ కలిపింది.

అందరూ భోజనాలకు వెళ్లారు, ట్యాంకులన్నీ ఖాళీ అన్నాడు మేస్త్రీ. ఒక్కసారి వెళ్లి నాలుగో ట్యాంకులో చూడమని బతిమాలింది. ఫోనులో అతని అడుగుల చప్పుడు, తర్వాత కేకలు. వెల్డింగు గ్యాసు ట్యాంకు అడుగున నిండి, అందులో వెల్డరు స్పృహ తప్పి పడి ఉన్నాడు. పైకి లాగి ఆక్సిజన్ పెట్టాక ఊపిరి అందింది. ఇంకో పది నిమిషాలైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

పాఠాలన్నీ చెరిపేయమంది అక్క. చెరిపేద్దామనే ఆమె రెండుసార్లు ఫోను తీసింది. రేపు మరొకరు లోపల ఉంటే ఎవరు చెబుతారని తోచి ఆగిపోయింది.

సోమవారం పొద్దున గిన్నెలు పక్కన పెట్టి, తడి చేతులు తుడుచుకుని పదిహేనో పాఠం పెట్టింది. నాలుగో ట్యాంకు రెండు రోజులు ఆలస్యం, క్షమించాలి అంటోంది. తడబాటు లేదు. ఈసారి గొంతు అక్కది కాదు, ఆమెదే.

పదకొండింటికి ఫోన్ ఎత్తి అవే మాటలు చెప్పింది. మీ జర్మన్ చాలా బాగుపడిందని అవతలి ఆయన మెచ్చుకున్నాడు.