ఎర్ర గుడ్డ కట్టిన చైన్

రంపం మిషన్ బార్ మానులో ఇరుక్కుపోయేసరికి పదీ ఇరవై అయింది.

మిషన్ గుర్రుమని గొంతు పట్టేసినట్టు ఆగిపోయింది. చైన్ చుట్టూ తిరిగే ఆ మూడడుగుల ఇనప బార్ సగానికి పైగా లోపలికి దిగి అక్కడే బిగుసుకుంది. సానక్క మరిది రెండు చేతులతో లాగాడు, మాను మీద కాలు తన్నిపెట్టి లాగాడు, చివరికి బతిమాలినట్టు మెల్లగా ఊపి చూశాడు. అది ఉలకలేదు, పలకలేదు.

మైదానం చుట్టూ జనం. నిన్న సాయంత్రం గాలివానకి అంచున ఉన్న మహావృక్షం వేళ్లతో సహా లేచి, తాడు లాగే పోటీకి గీతలు గీసి సిద్ధం చేసిన చోటనే అడ్డంగా పడుకుంది. కొమ్మలన్నీ తెల్లవారేసరికి కొట్టేశారు. మిగిలింది మొండెం. రెండున్నర అడుగుల పైచిలుకు లావు. మట్టి తీసే బండ్లన్నీ రోడ్ల మీద పడ్డ చెట్ల దగ్గర ఉన్నాయి, సాయంత్రానికి గాని రావు.

ఫైనల్ పన్నెండింటికి. చోటు ఖాళీ కాకపోతే కప్పు రెండు జట్లకీ చెరిసగం అని అంపైర్ మైకులో చెప్పేశాడు. అవతలి జట్టుకి అదేం నష్టం కాదు, వాళ్లింట్లో ఇప్పటికే నాలుగు కప్పులున్నాయి. ఇవతలి ఎనిమిది మంది ఆడపిల్లలకి ఒక్కటీ లేదు. వచ్చే ఏడాదికి వాళ్లలో ఐదుగురికి వయసు దాటిపోతుంది. ఆ ఐదుగురిలో మొదటిది సానక్క కూతురు. జట్టుకి కెప్టెన్, తాడు చివరి కొసని ఒంటికి చుట్టుకుని నిలబడే పిల్ల. అందుకే అందరూ దాన్ని లంగరు అని పిలుస్తారు.

లంగరు ఇప్పుడు గోళ్లు కొరుక్కుంటోంది. సానక్క దూరం నుంచే చూసింది. పిల్ల చిన్నప్పుడు మానేసిన అలవాటు అది.

"వదినా," అన్నాడు మరిది చెమట తుడుచుకుంటూ, "ఒక పక్క పళ్లు సాన పట్టి రెండో పక్క నిద్రపోయావా ఏంటి? కోత చూడు, కొడవలిలా వంకర తిరిగింది."

నలుగురూ నవ్వారు. సానక్క నవ్వలేదు. ఇరవై ఏళ్లుగా ఆకురాయి పట్టుకుని రంపాల పళ్లు దిద్దుతున్న మనిషి. అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా లేకుండా పోయి సానక్కగా మిగిలిన మనిషి. ఆమె చేతి మీద అంత మాట అంతమందిలో ఎవరూ అనలేదు.

ఆమె మరిదిని పక్కకి జరగమని సైగ చేసి మోకాళ్ల మీద కూర్చుంది. రెండు నట్లు విప్పి మిషన్‌ని బార్ నుంచి విడదీసింది. కోత నోట్లో మూడు చీలలు పెట్టి, వరసగా ఒక్కో దెబ్బ కొట్టించింది. మాను కిర్రుమని నోరు తెరిచింది. బార్ బయటికొచ్చింది, చైన్‌తో సహా.

ముందు పళ్ల మీద బొటనవేలి గోరు ఆనించింది. కుడి పక్కవి, ఎడమ పక్కవి. అన్నీ ఒకటే పదును. మరిదిని కూడా ఆనించి చూడమంది. చూశాడు, పదునేనని తలూపాడు.

తరవాత చైన్‌ని బార్ గాడిలో కూర్చోబెట్టి రెండు వేళ్లతో పక్కకి నెట్టింది. గట్టిగా నిలబడాల్సిన చైన్ వదులు పన్నులా అటూ ఇటూ ఊగింది. ఇంకేం చూడక్కర్లేదు. గాడిలో దిగే లింకు మీద దాని మందం చెప్పే అంకె ఉంటుంది. కళ్లజోడు నుదుటి మీంచి దించి చదివింది. ఆరు ఉండాల్సిన చోట మూడు ఉంది.

"నీ చెయ్యీ కాదు, నా చెయ్యీ కాదు," అంది. "ఇది ఈ బార్ చైన్ కాదు."

మరిదికి కోపం వచ్చింది. పెద్ద బార్ చైన్‌కి ఎర్ర గుడ్డ కడతానని నువ్వే కదా చెప్పింది, పొద్దున గోడ మీద ఎర్ర గుడ్డ ఉన్నదే తీసుకొచ్చాను, ఇదిగో గుడ్డ అని జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. తప్పు నాదైతే ఈ మీసం తీసేస్తానన్నాడు. ఆ మీసం ఎన్ని పందేల్లో ఎన్నిసార్లు పోవాల్సిందో సానక్కకి తెలుసు గనక పట్టించుకోలేదు.

ఆమె షాపులో చైన్‌కీ బార్‌కీ మూడు పొంతనలు చూసి గాని జత కట్టదు. లింకుల మధ్య దూరం మిషన్ పళ్ల చక్రంతో కలవాలి. లింకుల లెక్క బార్ పొడుగుకి సరిపోవాలి. లింకు మందం గాడి వెడల్పుతో కుదరాలి. మొదటి రెండూ తప్పితే చైన్ ఎక్కనే ఎక్కదు, దొంగ వెంటనే దొరికిపోతాడు. మూడోది తప్పితేనే చిక్కు. చైన్ ఎక్కుతుంది, తిరుగుతుంది, కోస్తుంది కూడా. లోతుకి వెళ్లేకొద్దీ ఒక పక్కకి వాలి, మిషన్ పట్టినవాడి కొంప ముంచుతుంది. షాపు గోడకి పక్కపక్క మేకుల మీద అలాంటివి రెండు వేలాడుతుంటాయి. పొడుగు ఒకటే, లెక్క ఒకటే. తేడా వెంట్రుకవాసి. ఆ తేడా కోసమే ఎర్ర గుడ్డ.

అరచేతిలో గుడ్డ చూసుకుంది. జానెడు ఉండాలి, అర జానెడే ఉంది. ఒక కొస కత్తెరతో కత్తిరించినట్టు తిన్నగా ఉంది. రెండో కొస దారాలు లేచి ఉంది.

ఆమె గుడ్డ ఎప్పుడూ చింపదు. ఎవరో చింపారు. సగం తీసుకుని, మిగతా సగం కవల పిల్లల్లో తప్పు పిల్లకి కట్టి వెళ్లారు.

పదిన్నరకి బండెక్కింది. దార్లో అనుమానమంతా అత్తగారి మీదే. నిన్న షాపు ఊడ్చి గోడలు దులిపింది ఆవిడే. షాపు ముందు బండి ఆపేసరికి అత్తగారు కుర్చీలో కూర్చుని ఎండ కాచుకుంటోంది. ఎర్ర గుడ్డ మాట ఎత్తగానే ఆవిడ చూపుడు వేలు నిటారుగా పైకెత్తింది. వేలి మీద పాత మచ్చ.

"ఇది కోసుకున్నప్పటి నుంచి ఆ గోడ జోలికి పోయానా నేను? చీపురు కూడా జానెడు దూరంలోనే ఆపుతాను. అనుమానం ఉంటే బూజు చూసుకోవే."

సానక్క చూసింది. నిజమే, గోడ అంతా అద్దంలా ఉంది. చైన్ల చుట్టూ మాత్రం బూజు అలాగే ఉంది, ఆ కవల చైన్ల రెండు మేకుల దగ్గర తప్ప. అక్కడ ఎవరో వేళ్లు పెట్టారు. అత్తగారికి మనసులోనే దండం పెట్టుకుంది.

గుడ్డ లేని చైన్ దించి, అంకె చదివింది. ఆరు. లింకులు రెండుసార్లు లెక్కపెట్టి, షాపులో ఉన్న పాత బార్ గాడి ముక్కలో ఆడించి చూసింది. ఊగలేదు. మెడలో దండలా వేసుకుని బండి తిప్పింది. వెనక నుంచి అత్తగారు దొంగ దొరికితే ముందు తన దగ్గరికి తీసుకురమ్మని కేకేసింది.

పదకొండుంబావుకి చైన్ ఎక్కించింది. మరిది పాత కోతకి జానెడు పక్కన మొదలుపెట్టాడు. ఈసారి మిషన్ గొంతు మారిపోయింది. పొట్టు చేటలతో చెరిగినట్టు ఎగిరి పడింది. బార్ గీత గీసినట్టు తిన్నగా దిగింది. ఏడు నిమిషాలకి మొదటి కోత తెగింది. రెండోది తెగేసరికి పదకొండూ నలభై. మధ్య ముక్క విడిపోయింది గాని కదలాలంటే ఏనుగు కావాలి.

"ఏనుగెందుకు బాబాయ్, మేం లేమా," అంది లంగరు. వాళ్ల సాధన తాడు తెచ్చి, సరిగ్గా మధ్యకి మడిచి, దుంగ కింద నుంచి చుట్టి తిప్పింది. ఒక కొస తన జట్టు పట్టింది. రెండో కొస పట్టేవాళ్లు లేరు. అవతలి జట్టు కెప్టెన్ తన పిల్లల వైపు చూసింది. ఊరికే వచ్చే సగం కప్పు ఎవరికి కావాలే, గెలిచి మొత్తం పట్టుకుపోదాం అని చేతులకి మట్టి రాసుకుంది. పదహారు మంది ఒకే పక్కకి లాగారు. దుంగ బద్ధకంగా ఒక దొర్లు దొర్లింది, తరవాత ఇంకోటి. జనం దారిచ్చి ఈలలు వేశారు.

దుంగకి రెండో పక్కన, మళ్లీ వెనక్కి దొర్లకుండా చీల పట్టుకుని నిలబడ్డ సానక్క ముక్కు ముందే తాడు మడత వచ్చి ఆగింది. తాడు నడిమధ్య గుర్తు. ఎర్ర గుడ్డ ముక్క, అర జానెడు. ఒక కొస తిన్నగా ఉంది. రెండో కొస దారాలు లేచి ఉంది.

జేబులోని ముక్క తీసి పక్కన పెట్టి చూసింది. దారానికి దారం కలిసింది.

తలెత్తేసరికి లంగరు ఆమెనే చూస్తోంది. పిల్ల మొహంలో రంగులు మారాయి. సానక్క తాడు మీది ముక్క కూడా విప్పి, రెండూ జేబులో వేసుకుని, ఆ చేత్తోనే కూతురి భుజాల మీది పొట్టు దులిపి, వెళ్లి తాడు పట్టుకోమంది. టైము పదకొండూ యాభై రెండు.

మొదటి లాగుడు అవతలివాళ్లది. రెండోది ఇవతలివాళ్లది. మూడోదానికి లంగరు మడమలు మట్టిలో ఎంత లోతు దిగాయంటే, తరవాత ఆ గుంటల్లో చేపలు పెంచుకోవచ్చని మరిది ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఒక్కో అడుగూ వెనక్కి, వెనక్కి. అవతలి కెప్టెన్ గీత దాటేసింది. మరిది మిషన్ పైకెత్తి గాలిలోకి బుర్రుమనిపించాడు. సానక్కకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, దేన్నీ ఆపుకోలేదు.

కప్పు ఇచ్చేశాక అంపైర్ ఆమెని పిలిచి మైకు చేతికిచ్చాడు. మాను కోయించిన మనిషిని నాలుగు మాటలు చెప్పమన్నాడు. జనంలోంచి మరిది అందుకున్నాడు: "వదినా, ముందు నా మీసం సంగతి తేల్చు. చైన్ మార్చింది ఎవరు?"

సానక్క రెండు గుడ్డ ముక్కలూ అందరికీ కనబడేలా పైకెత్తింది. కప్పు ఒళ్లో పెట్టుకున్న లంగరు అందులో తల దూర్చుకుంది. అత్తగారు ఎప్పుడొచ్చిందో, ముందు వరసలో మచ్చ వేలు పైకెత్తి నిలబడి ఉంది.

"తాడుకి గుర్తు కావాలని నా గుడ్డ సగం చింపి, మిగతా సగం తప్పు చైన్‌కి కట్టి, తన ఫైనల్‌కి తనే గంటసేపు అడ్డుపడిన దొంగ," అంది సానక్క మైకులో, "ఇదిగో, కప్పులో మొహం దాచుకుంది. మా లంగరు."