మంచె కింద అంట్లు

అన్నం గిన్నె అడుగంటితే భారతికి కోపమూ వస్తుంది, సంతోషమూ కలుగుతుంది. కోపం ఎందుకంటే బూడిద, కొబ్బరిపీచు పెట్టి జబ్బలు పడిపోయేదాకా తోమాలి. సంతోషం ఎందుకంటే ఆ మాడుచెక్క నీళ్లలో పడీ పడగానే చేపపిల్లలు బిలబిలా వచ్చేస్తాయి, వాటి వెనకే కొంగలు దిగుతాయి. ప్రతి ఎండాకాలం ఫారెస్టు గెస్ట్ హౌస్ బోరు ఎండిపోతుంది కాబట్టి అంట్ల గంప ఎత్తుకుని కిన్నెరసాని రిజర్వాయరు ఒడ్డుకే పోవాలి. ఏప్రిల్ వచ్చిందంటే నీళ్లు వెనక్కి తగ్గి ఒడ్డంతా బురద తేలుతుంది. "మొసళ్లు ఉన్నవి, నీళ్ల దగ్గరకు పోరాదు" అని వచ్చేపోయే సార్ల కోసం అక్కడ బోర్డు పాతించినవాడు ఆమె మొగుడే. అంట్లు ఎక్కడ తోముతున్నావని ఆ మహానుభావుడు ఆమెను ఒక్కనాడూ అడగలేదు.

మహానుభావుడి పేరు వెంకటరామారావు, ఉద్యోగం ఫారెస్టర్. ఎండాకాలంలో నీళ్లు తగ్గి పిట్టలన్నీ ఒక్కచోట చేరతాయని, వాటిని చూడటానికి పాల్వంచ మీదుగా జీపుల్లో పెద్ద పెద్ద సార్లు వస్తారు. గెస్ట్ హౌస్ వంటమనిషి మానేసి పోయినప్పుడు, "ఇంట్ల నువ్వుండంగ వేరే మనిషెందుకే, రెండ్రోజులు సర్దుకో" అన్నాడు. ఆ రెండ్రోజులు మూడో ఎండాకాలంలోకి వచ్చాయి. ఒక సారుకు కారం పడదు, ఇంకో సారుకు చేపల పులుసు లేకపోతే ముద్ద దిగదు. దుప్పట్లు ఉతకాలి, స్నానాలకు నీళ్లు తోడాలి, ఎండలో తిరిగొచ్చిన వాళ్లకు మజ్జిగ చిలకాలి. పోయేటప్పుడు సార్లు జీపెక్కుతూ "మీ ఏర్పాట్లు చాలా బాగున్నాయి రావుగారూ" అంటారు. రావుగారు తనే ఎసరు పెట్టినట్టు, తనే కూర తాలింపు వేసినట్టు మెలికలు తిరిగిపోతాడు. భారతి వంటింటి కిటికీలోంచి అంతా చూస్తూ పొయ్యి ఆర్పుతుంది.

ఆమె అడిగింది ఒక్కటే. నీళ్ల పక్కన తుమ్మచెట్ల మధ్య ఆకుల తడికలు కట్టి ఒక మంచె వేశారు. సార్లు దాని మీద కూర్చుని దుర్భిణి పెట్టుకుని పిట్టల్ని చూస్తారు. తానూ ఒక్కపూట ఎక్కుతానని మొదటి ఏడే అడిగింది. "నీ గాజుల చప్పుడుకు పిట్టలు లేచిపోతయ్. అయినా ఏముందే ఆడ? కొంగలేనాయె. మీ సత్తుపల్లి మళ్లల్ల చూళ్లేదా ఎన్నడు?" అన్నాడు. అయితే గాజులు తీసేసి వస్తానంది. గోడ అవతల చాటలో బియ్యం ఏరుతున్న అత్తగారు బుల్లెమ్మ చెవిన ఆ మాట పడనే పడింది. "నా కొడుకు గుండ్రాయి లెక్క ఉండంగనే చేతులు బోసి చేసుకుంటవా?" అని పొద్దుగూకేదాకా శోకాలు పెట్టింది. గాజులుంటే మంచె ఎక్కకూడదట, మొగుడుంటే గాజులు తీయకూడదట. ఇక భారతి ఎటు పోవాలి? అంట్ల దగ్గరికే పోయింది.

అక్కడే ఆ పెద్దకొంగలు ఆమె కంటపడ్డాయి. ఒళ్లు తెలుపు, ముక్కు పొడుగు, నెత్తి నారింజపండు రంగు. తోక దగ్గర మాత్రం ఎవరో తీరుబడిగా కూర్చుని గులాబీ రంగు అద్దినట్టుంటుంది. ముక్కు తెరిచి నీళ్లలో పెట్టుకుని అవి అడుగులో అడుగు వేసుకుంటూ ఆమెకు నాలుగు బారల దూరం దాకా వచ్చేవి. భారతికి వాటి మీద ప్రాణం. కానీ ఏం లాభం, చేతిలో గిన్నె, వీపు మీద ఎండ, పొయ్యి మీద సార్ల టీ నీళ్లు. తల ఎత్తి చూసేలోపు ఇంకో గిన్నె. పొయ్యి ఎగదోస్తూ తిండి తిన్నట్టు, కూర కలుపుతూ ఉత్తరం చదివినట్టు, వాటిని కూడా పని సందులోంచే చూసింది. ఒక్కసారి, చేతిలో ఏమీ లేకుండా, కాళ్లు చాపుకుని, కళ్లారా చూడాలి. ఆమె కోరికల్లా అదే. ఇంత చిన్న కోరికకు ఇన్నేళ్లు పట్టినందుకు ఒక్కోసారి ఆమెకు ఏడుపొచ్చేది.

ఈసారి హైదరాబాదు నుంచి కెమెరా సారు ఒకాయన వచ్చాడు. ఆ గులాబీ తోక కొంగ ఫొటో కావాలట. మొగుడూ ఆయనా రెండు పూటలు మంచె మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నీటికాకి తప్ప ఒక్క పిట్టా రాలేదు. మధ్యాహ్నం ఇద్దరూ నీరసంగా వెనకదారిన వస్తూ టక్కున ఆగిపోయారు. భారతి గలగలమని గాజులు మోగించుకుంటూ కళాయి తోముతోంది. ఆమె ముందు మూడు పెద్దకొంగలు మేస్తున్నాయి. బాగా చూపిద్దామని వెంకటరామారావు బూటుకాలు ఒకటి ముందుకేశాడు, మూడూ లేచిపోయాయి. భారతి తల దించుకుని కళాయిలోకి నవ్వుకుంది.

సాయంత్రం మొగుడు వంటింట్లోకి వచ్చాడు. అదే ఒక వింత.

"భారతీ, రేపు పొద్దుగాల నువ్వు గుడ మంచె కాడికి రావాలె."

ఆమె చేతిలో గరిటె ఆగింది. నిజమా అన్నట్టు చూసింది. ఏ చీర కట్టుకోవాలా అని కూడా అనుకుంది, ఆకుపచ్చదైతే చెట్లలో కలిసిపోతుంది. మూడేళ్లకు గుర్తుకొచ్చానన్నమాట.

"అంట్లన్నీ ఆడికి తీసుకరా. మంచె కింద నీళ్లల్ల కూసోని తోముతుండు. గాజులు తియ్యకు, ఇంకో నాలుగు ఎక్కువే ఏసుకో. ఆ చప్పుడుకే మరిగినయట పిట్టలు, సారు చెప్పిండు. ఇంకోటి, మొఖం అటు తిప్పుకో. ఫొటోల పడ్డవంటే ఖరాబైతది."

భారతి పొయ్యి మీది కూర దించింది. అందరికీ వడ్డించింది, తానూ తింది. అడుగంటిన గిన్నెలో అన్నం కొంచెం ఎక్కువే మిగిల్చింది.

తెల్లవారుతుండగా ఆయన దుర్భిణి మెడలో వేసుకుని "అయిందా? జల్దీ రా" అంటూ వచ్చాడు. అంట్ల గంప గడప దగ్గర ఉంది. మాడిన గిన్నె మీద ఎర్రగాజులన్నీ దొంతిగా పెట్టి ఉన్నాయి. ఆకుపచ్చ చీరలో భారతి, గాజులు జారేందుకు సబ్బునీళ్లతో తడిపిన చేతులు కొంగుకు తుడుచుకుంటోంది. ఇన్నేళ్లూ గాజులున్నచోట మణికట్టు తెల్లగా ఉంది.

"ఏందే ఇది? అమ్మ చూస్తే కొంప మునుగుతది."

"చప్పుడు లేకపోతే మంచె ఎక్కొచ్చన్నరు గదా మీరు" అంది భారతి. దగ్గరికి వచ్చి ఆయన మెడలోంచి దుర్భిణి తీసి తన మెడలో వేసుకుంది. అనుకున్నదానికన్నా బరువుగానే ఉంది.

"మరి అంట్లు?"

"గాజులు ఆడనే ఉన్నయ్, మీకు పట్టవు, చేతిల పట్టుకుని ఆడించండి. మాడుచెక్క ముందు నీళ్లల్ల ఎయ్యండి, చేపలొస్తయ్" అని ఆమె గడప దాటింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"తోమేటప్పుడు మాట్లాడకండి. పిట్టలు లేచిపోతయ్."