అంచు దాటిన శనగలు

కప్పు అన్నాక నిండుగా ఉండాలి. నిండుగా అంటే అంచు మీద గుట్ట లేవాలి. నాయనమ్మకు తెలిసిన కొలత అదొక్కటే. ఫ్యాక్టరీ క్యాంటీన్లో ముప్పై ఏళ్లు వడ్డించిన చెయ్యి అది. పిసినారితనం నేర్పుదామన్నా దానికి ఒంటబట్టదు.

ఇప్పుడు ఆవిడ పరువు తీసిందీ ఆ చెయ్యే. తొమ్మిదేళ్ల మనవరాలికి షుగరు జబ్బు. తినే తిండిని బట్టి ఇన్సులిన్ మోతాదు. బడి మధ్యాహ్నానికే వదిలేస్తారు కాబట్టి పిల్లకు తిండి పెట్టడం నాయనమ్మ వంతు. కోడలు కళ్లద్దాల దుకాణంలో పనికి వెళ్తూ ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించింది: ఉడికిన శనగలు ఎనభై గ్రాములు, లేదా చిన్న కప్పు ఒకటి. బఠాణీలూ బొబ్బర్లూ అంతే. గ్రాములు చూపించే కాటా గట్టు మీదే ఉంది. అయినా శనగల్ని బంగారంలా తూచే ఖర్మేమిటని నాయనమ్మ దాని జోలికి పోలేదు.

రెండు వారాలుగా సాయంత్రమయ్యేసరికి పిల్ల షుగరు పెరిగిపోతోంది. కోడలికి అనుమానం మొదలైంది.

"అత్తయ్యా, దానికి చాటుగా చాక్లెట్లేమైనా పెడుతున్నారా?"

"నా మనవరాలి ప్రాణం మీదికి నేనే తెస్తానా?"

"ముద్దు కొద్దీ పెట్టారేమోనని అడిగా. సోమవారం నుంచి బడి అవగానే దాన్ని పిల్లల సంరక్షణ కేంద్రంలో ఉంచుతాను. అక్కడ నర్సు ఉంటుంది."

ఆ పిల్ల పక్కన కూర్చుని, బడి కబుర్లు వింటూ తినిపించే గంట కోసమే నాయనమ్మ పొద్దున లేస్తోంది. మిగతా రోజంతా గోడలు చూడటమే. దొంగ అన్నా ఓర్చుకునేది గానీ, పిల్లకు కీడు చేసిందన్న మాట మాత్రం మింగుడు పడలేదు.

శనివారం కోడలు ఇంట్లోనే ఉంది. నాయనమ్మ చెంగు బిగించి పిలిచింది.

"ఇలా వచ్చి నిలబడు. నేనేం పెడతానో, ఎంత పెడతానో నీ కళ్లతోనే చూడు."

ఉడికిన శనగల్ని నీళ్లు వార్చి చిన్న కప్పులో పోసింది. కుదిపింది. మళ్లీ పోసింది. గుట్ట మీద ఇంకో నాలుగు గింజలు పేర్చి గర్వంగా చూసింది.

కోడలు వాటిని కాటా పళ్లెంలో కుమ్మరించింది. నూట ఇరవై.

"ఇంకోసారి కొలవండి."

నూట పంతొమ్మిది. ముప్పై ఏళ్ల అనుభవం మరి, తప్పు చేసినా తేడా రాదు!

కోడలు తనే కప్పు నింపి, చాకు వీపుతో అంచు వెంట గీసింది. పైనున్న గుట్టంతా పళ్లెంలోకి రాలింది. మిగిలినవి తూచితే ఎనభై ఒకటి. ఇన్సులిన్ సూది ఎనభై గ్రాములకు, తిండి నూట ఇరవైకి. కోడలు స్టూలు మీద కూలబడింది.

"తప్పు నాదే అత్తయ్యా. కప్పు అని రాశాను, అంచు వరకే అని రాయలేదు." తల వంచుకుని, "మొన్న మీ బీరువా కూడా వెతికాను," అంది.

"తెలుసమ్మా. ఏమీ దొరక్కపోతే నమ్ముతావనుకున్నా."

కోడలికి ఏడుపు ఆగలేదు. నాయనమ్మకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. తను ప్రేమ అనుకుని పేర్చిన ఆ నాలుగు గింజలే పిల్ల ఒంట్లో విషమయ్యాయని ఆవిడ లోలోపల కుమిలిపోతోంది.

"పిల్లల కేంద్రం వద్దులెండి," అంది కోడలు కళ్లు తుడుచుకుంటూ. "మీరే పెట్టండి."

అంతలో మనవరాలు ఆకలంటూ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. నాయనమ్మ కప్పు నింపి చాకు తీసుకుంది. చెయ్యి ఒప్పుకోలేదు. అయినా అంచు వెంట గీసి, కప్పు పిల్ల ముందు పెట్టింది.

పిల్ల కప్పులోకి చూసి, నాయనమ్మ మొహంలోకి చూసింది.

"ఇంతేనా నాయనమ్మా?"

ఆవిడ వడ్డించినంత కాలం ఎవరూ ఆవిడను ఆ మాట అడగలేదు.

"ఇంతేనమ్మా," అంది నాయనమ్మ.