ఏడో పాటలో ఇంకో గొంతు

ఏడో పాటలో ఇంకో మనిషి ఉన్నాడు.

వసపిట్ట హెడ్‌ఫోన్లను చెవులకు అదిమిపట్టి మళ్ళీ విన్నాడు. తన గొంతు. దాని కింద మనిషెత్తు బేస్ వాయిద్యపు తీగల బరువైన మోత. ఆ రెంటికీ నడుమ, పక్కగదిలో ఎవరో గోడకు నోరు ఆనించి మాట్లాడుతున్నట్టు సన్నటి గొణుగుడు.

"అక్కా, ఎవరిదిది?"

సౌండ్ ఇంజనీరు తెర మీంచి చూపు తిప్పలేదు. "ఏది?"

"నా గొంతు కింద ఇంకో గొంతుంది."

"గది చూస్తే ఇంత. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చేశారు. ఒకరి మైకులో ఒకరు పడరా ఏంటి? జాజ్ వాళ్ళలాగే అందరం ఒకేసారి చెయ్యాలని పట్టుబట్టింది నువ్వేగా!"

జవాబు మరీ సిద్ధంగా ఉన్నట్టు తోచిందతనికి. అడుగుతాడని ముందే తెలిసినవాళ్ళే అలా తడుముకోకుండా చెబుతారు.

మామూలుగా నాలుగు మాటలు కూడబలుక్కోలేనివాడు, మైకు ముందు మాత్రం ఊపిరి తీసుకోడని స్నేహితులు పెట్టిన పేరు వసపిట్ట. ఇది అతని తొలి ర్యాప్ ఆల్బమ్. తొమ్మిది పాటలు. యంత్రం కొట్టిన తాళం ఎక్కడా లేదు. డ్రమ్స్, సాక్సొఫోన్, పియానో, అన్నీ మనుషులు వాయించినవే. ఏడోదానిలో మాత్రం అతనూ, బేస్ వాయించే ముసలాయనా, అంతే. సాయంత్రంలోగా ఆల్బమ్ పంపేయాలి.

పాటల్ని అతను కాగితం మీద పెట్టడు. పదిహేనేళ్ళప్పుడు పెట్టాడు. అన్నయ్య ఆ నోట్‌బుక్ తీసుకెళ్ళి కాలేజీ వేదిక మీద తనవన్నట్టు చదివేశాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఇతనూ ఉన్నాడు. చేతులు వాటంతటవే కొట్టేశాయి. ఇంటికొచ్చాక అన్నయ్య, "నువ్వు చదివితే ఎవరు వింటార్రా?" అన్నాడు, ప్రేమగానే. అప్పట్నుంచీ ప్రతి పాదమూ తలలోనే పుట్టి తలలోనే ఉంటోంది.

"బేస్ మైకు ఒక్కటే పెట్టక్కా."

ఆమె నిట్టూర్చి తక్కినవి మూసింది. వేళ్ళ రాపిడి, కుర్చీ కిర్రు, ఎక్కడో దూరంగా తన గొంతు. దానికి ముందు, దగ్గరగా, ముసలాయన గొంతు. అది రాగం కాదు. మాటలు. తన మాటలే, పొల్లుపోకుండా. పైగా ప్రతి పాదమూ తనకంటే అరక్షణం ముందు.

ఇది విన్నవాడెవడైనా ఏమనుకుంటాడు? ముసలాయన అందిస్తుంటే ఇతగాడు ఒప్పజెబుతున్నాడనే కదా.

ముసలాయన లోపలి గదిలో గుడ్డముక్కతో తీగలు తుడుస్తున్నాడు.

"బాబాయ్, నా పాట మీ నోట్లో ఏం చేస్తోంది?"

"వినబడిందా?" నాలుక కరుచుకున్నాడాయన. "నలభై ఏళ్ళ జబ్బు నాయనా. ఈ గొణుగుడు భరించలేక మా ఆవిడ తలుపేసుకుంటుంది."

"మాటలెలా తెలుసు?"

"నువ్వేమైనా కాగితమిచ్చి ఏడ్చావా? ఎక్కడ ఆగుతావో, ఎక్కడ ఉరుకుతావో తెలియకుండా వేళ్ళెక్కడ పెట్టను? రెండు నెలల రిహార్సల్స్‌లో విని బట్టీపట్టాను."

"నాకంటే ముందెందుకు అంటున్నారు?"

"నువ్వొచ్చాక వెతుక్కుంటే ఏం లాభం? నువ్వొచ్చేసరికి నేనక్కడ ఉండాలి."

అని నవ్వాడు. అన్నయ్య కూడా ఆ రోజు నవ్వాడు. రెండు నవ్వులనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు వసపిట్ట. తేడా ఏమిటో తేలలేదు.

"ఇంకోసారి చేద్దాం," అన్నాడు.

ఉచ్చు పన్నుతున్నానని అతనికి తెలుసు. మొదటి చరణం మామూలుగానే చెప్పాడు. రెండోది రాగానే దాన్ని వదిలేసి, అప్పటికప్పుడు నోటికొచ్చిన కొత్త చరణం ఎత్తుకున్నాడు: నోట్‌బుక్, అన్నయ్య ఎక్కిన వేదిక, వాటంతటవే కొట్టిన చేతులు. ముసలాయన పెదవులు ఆగిపోయాయి. దొరికాడు అనుకున్నాడు వసపిట్ట. అంతలోనే తన కాలి కింద మెట్టు లేనట్టయింది. మాటలున్నాయి, వాటిని ఎక్కడ దించాలో తెలియడం లేదు. రెండు నెలలుగా ఆ గొణుగుడు మీదే ఆనుకుని నిలబడ్డాడా తను? బేస్ రెండు దరువులు మౌనంగా ఉండి, తర్వాత వెనకనుంచి, వెతుక్కుంటూ వచ్చింది.

ఇంజనీరు రెండూ వినిపించింది. "ఏది ఉంచను?"

రెండోదాని రెండో చరణంలో ఇంకెవరూ లేరు. అంతా తనే. కానీ వెనక్కి చూసుకుంటూ పరుగెత్తేవాడి గొంతు అది. ఎవరు వింటార్రా అన్నప్పుడు అన్నయ్య విన్నది ఈ గొంతేనేమో.

"మొదటిది."

"గొణుగుడు కాస్త తగ్గించనా?"

"వద్దు. ఉండనీ."

ఆల్బమ్ వెళ్ళిపోయింది. ముసలాయన బేస్‌ను సంచిలో పెట్టి భుజానికెత్తుకున్నాడు. ఆయన తలుపు దాకా వెళ్ళాక వసపిట్టలో అనుమానం మళ్ళీ బుసకొట్టింది.

"బాబాయ్, రెండోసారి చెప్పిన చరణం గుర్తుందా?"

"మీ అన్నగారిదా? ఒక్కసారి వింటే ఎక్కడుంటుంది నాయనా, ఈ బుర్రలో!"

జవాబు మరీ సిద్ధంగా ఉంది.

వసపిట్ట మెట్ల పైన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కిందికి దిగుతున్న బరువైన అడుగులతో పాటు గొణుగుడు వినిపించింది. నోట్‌బుక్. వేదిక. మూడో పాదం దగ్గర ముసలాయన తడబడ్డాడు. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.

తను మాట్లాడకుండా ఉంటే చరణం అక్కడే ఆగిపోతుంది. ఎవరికీ దక్కదు.

వసపిట్ట కమ్మీ మీంచి వంగాడు. "చేతులు," అన్నాడు. "చేతులు వాటంతటవే."

"ఆఁ, అదే!" కింద అడుగులు ఆగాయి. "ఆ తర్వాత?"

వసపిట్ట రెండు మెట్లు దిగాడు. "మీరే చెప్పండి," అన్నాడు, సరిగ్గా చెబుతాడో లేదో వినడానికి.